ఆడ కుందేళ్లు కొట్టుకోకుండా కలిసి ఉండాలంటే: బెంగళూరు ఫ్లాట్లలో పెంచేవాళ్లకు మార్గదర్శి

"రెండూ ఆడవే అండీ, ఒకే ఈతలో పుట్టినవి. గొడవ పడవు." శివాజీనగర్ వైపు కుందేలు పిల్లల్ని బేరం చేసిన తెలుగువాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. అబద్ధం కాదు గానీ సగమే నిజం. రెండు నెలల వయసులో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటాయి, ఒకే కొత్తిమీర కాడను చెరోవైపు నుంచి నములుతాయి. నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసరికి హాల్లో బొచ్చు కుచ్చులు కనబడతాయి. ఒకటి సోఫా కింద నుంచి బయటికి రాదు. దాని చెవి కొస చీలి ఉంటుంది. "అక్కాచెల్లెళ్లే కదా, వీటికేం పోయేకాలం?" అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

పోయేకాలం ఏమీ కాదు, ఈడు వచ్చింది. ఆడ కుందేళ్ల కొట్లాటలో స్వభావం పాలు కొంతే. ఎక్కువగా అది ఒంట్లోని హార్మోన్లకూ కింది నేలకూ సంబంధించిన గొడవ. ఆ రెండూ సర్దాక స్నేహం గురించి ఆలోచించాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు: ముందు కలిపేస్తారు, నెత్తురు చూశాక డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. ఈ వ్యాసంలో చెప్పే వరస అందుకే ముఖ్యం. ఏ మెట్టూ దాటేయొద్దు.

ముందు వీటి పుట్టుపూర్వోత్తరాలు

మన పల్లెల్లో కంది చేలోంచి దూకి పారిపోయే చెవులపిల్లి వేరు, ఇంట్లో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి ఒంటరిగా బతుకుతుంది, బొరియ తవ్వదు, దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. (దాన్ని పట్టి తెచ్చి పెంచుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.) పెంపుడు కుందేలు మాత్రం, న్యూజిలాండ్ వైట్ అయినా, ఒళ్లంతా బొచ్చుండే అంగోరా అయినా, యూరప్ అడవి కుందేలు సంతతే. అది నేల కింద బొరియలు తవ్వుకుని గుంపుగా ఉంటుంది.

ఆ గుంపులో పెద్దరికం రెండు వరసలుగా నడుస్తుంది. మగవాటిది వేరు, ఆడవాటిది వేరు. మగవి ఆడవాటి కోసం కొట్టుకుంటాయి. ఆడవి కొట్టుకునేది పిల్లల్ని పెట్టుకునే చోటు కోసం. తవ్వడానికి వీలైన, వాన నీళ్లు నిలవని నేల అన్నిచోట్లా దొరకదు కదా. పెద్ద బొరియలో మంచి గూడు పెద్దరికం ఉన్న ఆడదానికి దక్కుతుంది. కిందిది దూరంగా పోయి చిన్న గుంత తవ్వుకుని, అందులో పిల్లల్ని పెట్టి, మూతికి మట్టి కప్పి వస్తుంది. లోతు లేని ఆ గుంతల్లోని పిల్లలు నక్కల్లాంటి వాటికి సులువుగా దొరికిపోతాయి. ఒక ఆడది మరో ఆడదాని పిల్లల్ని చంపడం కూడా ఈ జాతిలో ఉన్నదే. అంటే, ఓడిపోతే పోయేది మాట కాదు, పిల్లలు. అందుకే ఆడ కుందేలు నేల విషయంలో రాజీ పడదు.

అడవిలో ఓడిన కుందేలుకు పారిపోవడానికి చోటుంటుంది. మారతహళ్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉండదు. ఒకటి తరుముతూనే ఉంటుంది, ఇంకొకటి అదే హాలు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మామూలుగా అర నిమిషంలో తేలిపోవాల్సిన గొడవ గాయాల దాకా పోయేది ఇక్కడే.

ఇక హార్మోన్ల సంగతి. చిన్న జాతులకు 4, 5 నెలలకే ఈడు వస్తుంది, పెద్ద జాతులకు ఇంకొంచెం ఆలస్యం. ఆడ కుందేలుకు నెలనెలా అండం విడుదలయ్యే పద్ధతి లేదు. జత కూడిన తరవాత, ఇంచుమించు 10 గంటలకు విడుదలవుతుంది. దానికి మగదే ఎక్కాలని లేదు, ఒక ఆడది ఇంకో ఆడదాని మీద ఎక్కినా చాలు. అప్పుడు కడుపు లేకపోయినా ఒళ్లు కడుపుతో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఈ ఉత్తుత్తి చూలు 16 నుంచి 18 రోజులు ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో నెల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి దగ్గర రెండు ఆడ కుందేళ్లున్నాయి. ఒక సాయంత్రం కంగారుగా వచ్చింది. "అక్కా, బుజ్జి దాని బొచ్చు అదే పీక్కుంటోంది. చర్మరోగం వచ్చినట్టుంది, రెండోదానికీ అంటుకుంటుందేమో."

వెళ్లి చూస్తే బుజ్జి నోటి నిండా ఎండుగడ్డి అడ్డంగా పట్టుకుని, మీసాలంత పొడుగున రెండువైపులా వేలాడుతుండగా, షూ రాక్ వెనక మూలకు మోసుకుపోతోంది. మెడ కింద గంగడోలు దగ్గరా పొట్ట మీదా బొచ్చు ఊడి గులాబీ రంగు చర్మం కనబడుతోంది. పుండు లేదు, పొట్టు లేదు. మూలలో గడ్డి మీద తెల్లటి బొచ్చు పరిచి ఉంది. రెండోది అటు ఒక అడుగు వేయగానే బుజ్జి గొంతులోంచి చిన్న గుర్రు, ముందుకాళ్లతో ఒక్క దూకు.

"రోగం కాదమ్మా, గూడు కట్టుకుంటోంది. కొన్ని రోజులు ఆ మూల దానికి వదిలెయ్, రెండోదాన్ని ఇటు రానివ్వకు."

ఆ గూడును శుభ్రం చేసి పారేయకూడదు. పారేస్తే మళ్లీ మొదటి నుంచి కడుతుంది, మళ్లీ బొచ్చు పీక్కుంటుంది. ఈ రోజుల్లో రెండింటినీ కొత్తగా కలపాలని చూడటం కోరి గొడవ తెచ్చుకోవడమే.

నిజంగా ఆడవేనా?

ఇది చూడకుండా మిగతా మెట్లన్నీ ఎక్కి లాభం లేదు. రెండు నెలల లోపు పిల్లల్లో ఆడా మగా పోల్చడం అలవాటున్న వాళ్లకే కష్టం. తోక కింద మెల్లగా నొక్కి చూస్తే ఆడదానికి నిలువు చీలిక కనబడుతుంది, మగదానికి గుండ్రటి రంధ్రం. 3 నెలలు దాటాక మగదానికి వృషణాలు తెలుస్తాయి. అనుమానం ఉంటే డాక్టరుతో చూపించుకోండి, రెండు నిమిషాల పని. తప్పు పోల్చారంటే 30, 32 రోజుల్లో ఇంట్లో పిల్లలుంటాయి. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగల జంతువు ఇది.

గొడవను చదవడం నేర్చుకోండి

ప్రతి తరుమూ కొట్లాట కాదు. పెద్దరికం తేలేటప్పుడు ఒకటి ఇంకోదాని మీద ఎక్కడం, కాసేపు తరమడం, వీపు మీద చిన్నగా కొరికి ఒక కుచ్చు బొచ్చు లాగడం మామూలే. కింద ఉన్నది కదలకుండా తల దించి ఉన్నా, నాలుగడుగులు పారిపోయి ఆగి మూతి కడుక్కున్నా భయపడక్కర్లేదు. పైది అక్కడితో వదిలేస్తే వ్యవహారం నడుస్తున్నట్టే.

ఒక సంగతి చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ఒకటి ఇంకోదాని మూతి కిందికి తల దూర్చి నేలకు ఆనించి ఉంటే లొంగిపోయిందనుకుంటారు. తరచు అది "నన్ను నాకు" అనే హుకుం. పెద్దరికం ఉన్నదే ఎక్కువగా అడుగుతుంది. రెండోది నుదురూ కళ్లూ నాకితే ఒప్పందం కుదిరినట్టు. నాకకపోతే ఒక చిన్న కొరుకు పడొచ్చు.

ప్రమాదం ఇలా కనబడుతుంది: చెవులు మెడకు అతుక్కుపోతాయి, తోక నిక్కుతుంది, ఒళ్లు బిగుస్తుంది, చూపు రెండోదాని మీదే ఉంటుంది. ఆ తరవాత గుర్రుమంటూ ముందుకు దూకుతుంది. ఒకదాని తోక దగ్గర ఇంకోదాని తల పెట్టి రెండూ గుండ్రంగా తిరగడం మొదలెడితే అది ఆట కాదు. క్షణంలో ఒకదాన్నొకటి పట్టుకుని వెనక కాళ్లతో పొట్టలు చీరుకుంటాయి. మధ్యలోకి వెళ్లాల్సింది ఆ గుండ్రం మొదలైనప్పుడే, చుట్టుకున్నాక కాదు.

తల వైపు నుంచి ఎక్కడాన్ని మాత్రం అసలు జరగనివ్వకండి. పైదాని జననాంగం కిందిదాని పళ్లకు అందుతుంది. అక్కడ పడిన కాటు మామూలు గాయం కాదు. వెంటనే మెల్లగా పక్కకు తిప్పి సరైన వైపు పెట్టండి.

వెనక కాళ్లతో నేలను ధన్‌మని బాదడం బెదురుకు, చిరాకుకు గుర్తు, కొట్లాటకు కాదు. గడ్డం కింద గ్రంథి ఉంటుంది, కనబడిన ప్రతిదానికీ గడ్డం రాసి తన వాసన పూస్తుంది. పెంటికలకు, మూత్రానికి పెట్టిన ట్రే ఉన్నా మూలమూలనా పెంటికలు జల్లడం మొదలెట్టిందంటే "ఇది నా హద్దు" అంటోందన్నమాట. కొట్లాటకు ముందు వచ్చే ఈ సూచనను చాలా ఇళ్లలో మురికి అలవాటని తిట్టి ఊరుకుంటారు.

ఆపరేషన్

గుంపులో ఉంచాలనుకుంటే ఆడ కుందేళ్లకు గర్భసంచి, అండాశయాలు తీయించాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. "మా చుట్టాలింట్లో ఆపరేషన్ లేకుండానే హాయిగా ఉన్నాయి" అనేవాళ్లుంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటే ఎవరేం చేస్తాం. కొన్ని జతలు అలా ఉండొచ్చు. మీవి అలాంటివో కాదో తెలిసేది మాత్రం కాట్లు పడ్డాకే.

కొట్లాట ఒక్కటే కారణం కాదు. ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో 3, 4 ఏళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. ఈ జంతువులో బాగా తెలిసిన క్యాన్సర్లలో అదొకటి. మూత్రంలో నెత్తురు చుక్కలు దానికి ఒక గుర్తు. అయితే తిండిని బట్టి కుందేలు మూత్రం నారింజ రంగు నుంచి ఎరుపు దాకా మారుతుంది, కాబట్టి ఒకసారి ఎర్రగా కనబడగానే ఏడుపు మొదలెట్టకండి. పరీక్ష చేయించండి.

సాధారణంగా 5, 6 నెలల వయసు దాటాక చేస్తారు. బెంగళూరులో ఒక సౌకర్యం ఉంది. హెబ్బాళ్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ప్రైవేటులో కుక్కలూ పిల్లులే కాక కుందేళ్లు, పక్షులు చూసే డాక్టర్లూ ఉన్నారు. అయినా ఇంటి దగ్గర క్లినిక్ కదా అని వెళ్లిపోకుండా ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలడగండి. కుందేళ్లకు ఈ ఆపరేషన్ తరచు చేస్తారా? ముందు రాత్రి నుంచి తిండి మాన్పించాలా? తరవాత నొప్పికి ఏమిస్తారు? రెండో ప్రశ్నకు "అవును, పన్నెండు గంటలు ఖాళీ కడుపు" అని జవాబు వస్తే ఇంకొకరిని వెతుక్కోండి. అది కుక్కలకూ పిల్లులకూ వర్తించే లెక్క. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఆగకుండా నడుస్తుండాలి. ఖాళీ పెడితేనే ముప్పు. నొప్పికి మందు ఇవ్వకుండా పంపేసే చోటు కూడా వద్దు. నొప్పితో ఉన్న కుందేలు తినదు, తినకపోతే పేగులు ఆగుతాయి.

ఇంటికొచ్చాక ఆ రాత్రికల్లా గడ్డి కొరకడం, పెంటికలు వేయడం మొదలవ్వాలి. కుట్ల చోటు రోజూ చూడండి. రెండోదాన్ని కంచె అవతల పెట్టండి, వాసన అందేలా, ఒళ్లు తగలకుండా.

ఆపరేషన్ అయిన మర్నాడే శాంతమూర్తులవుతాయని ఆశపడొద్దు. హార్మోన్లు సద్దుమణగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, కొన్నిటికి ఇంకొంచెం ఎక్కువ. అప్పటిదాకా కలపకండి. తొందరపడి కలిపితే అప్పుడు జరిగిన కొట్లాటను అవి హార్మోన్లు పోయాక కూడా మరిచిపోవు.

చోటు సిద్ధం చేయడం

బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసే సంస్థ ఒక జతకు కనీసం 3 మీటర్ల పొడుగు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉండాలంటుంది. అంటే దాదాపు 10 అడుగులకు ఆరున్నర అడుగులు. అదీ ఎప్పుడో గంటసేపు వదిలే చోటు కాదు, రోజంతా అందుబాటులో ఉండాల్సింది. మన దగ్గర షాపుల్లో "కుందేలు కేజ్" అని అమ్మేవి ఒక్కదానికే చాలవు. రెండు ఆడవాటిని అందులో పెడితే కొట్లాట మీరే పెట్టినట్టు. హాల్లో ఒక వైపు మడత కంచె వేయడమో, ఒక గది ఇచ్చేయడమో మేలు.

వైశాల్యం కన్నా ముఖ్యమైనది దారి. దాక్కునే ప్రతి పెట్టెకూ రెండు ద్వారాలుండాలి. ఆన్‌లైన్ డెలివరీల అట్టపెట్టెలు బెంగళూరులో ఏ ఇంట్లోనైనా కుప్పలుగా ఉంటాయి, వాటికి ఎదురెదురుగా రెండు కన్నాలు కోయండి, అంతే. ఒకే కన్నం ఉన్న పెట్టెలో కిందిది ఇరుక్కుంటుంది, పైది వాకిట్లో కూర్చుంటుంది. ఎల్ ఆకారంలో ఉన్న మూలలు, సోఫాకూ గోడకూ మధ్య సందులు ఇలాంటి ఉచ్చులే, అడ్డం పెట్టేయండి. చూపు తెగేలా మధ్యలో అడ్డుపలకో, పెద్ద పెట్టో ఉంటే తరిమేది లక్ష్యాన్ని పోగొట్టుకుంటుంది. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

గడ్డి, నీళ్లు, లిట్టర్ ట్రే ఒక్కోటి చొప్పున పెట్టొద్దు. రెండు కుందేళ్లకు మూడు ట్రేలు, దూరం దూరంగా. పెల్లెట్లు, అంటే గుళికల దాణా, ఒకే గిన్నెలో పోస్తే పైది కాపలా కాస్తుంది, నేల మీద చెల్లాచెదురుగా చల్లండి. ముఖ్య ఆహారం ఎండుగడ్డే. ఖరీదైన తిమోతీ గడ్డి రోజంతా అందుబాటులో పెట్టలేకపోతే పచ్చి గరిక బాగా పనికొస్తుంది. వినాయక చవితి రోజులే కాదు, మిగతా రోజుల్లోనూ పూల మార్కెట్లలో దొరుకుతుంది, కన్నడంలో గరికె అని అడగండి. పశుగ్రాసంగా అమ్మే కుదురె మసాలె, అంటే లూసర్న్, ఎదిగే పిల్లలకు మంచిదే. పెద్దవాటికి రోజూ పెడితే కాల్షియం ఎక్కువవుతుంది.

మన ఫ్లాట్లలో టైల్స్ నున్నగా ఉంటాయి. కాలు జారిన కుందేలు బెదురుతుంది, బెదిరినది కొరుకుతుంది. చాపలో, పాత జంపఖానానో పరవండి. బాల్కనీ ఇస్తుంటే పావురాల వల మీద నమ్మకం పెట్టుకోకండి, నైలాన్ తాళ్లను కుందేలు ఒక పూటలో కొరికేస్తుంది. కింద రెండు మూడడుగుల ఎత్తు దాకా గట్టి ఇనుప జాలీ కొట్టించండి. గద్దలు, పిల్లులు, కొన్ని పేటల్లో కోతులు, వీటిలో ఏది కనబడినా భయం, ఆ భయం పక్కదాని మీద కాటుగా దిగుతుంది.

ఎండ సంగతి: 30 డిగ్రీలు దాటితే కుందేళ్లకు కష్టం. బెంగళూరులో మార్చి నుంచి మే దాకా తప్ప మిగతా సంవత్సరం చాలావరకు ఫర్వాలేదు. చెన్నైలో ఉన్నవాళ్లు ఎండాకాలంలో ఈ కలిపే పని పెట్టుకోకపోవడమే మంచిది, వాన చినుకులు పడ్డాక మొదలెట్టుకోండి.

కంచె అటూ ఇటూ

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కనే, మధ్యలో కంచెతో ఉంచాలి. ఒకే వరస జాలీ చాలదు, దాని సందుల్లోంచి ముక్కులు, పెదవులు కొరుక్కుంటాయి. రెండు వరసలు పెట్టి మధ్య జానెడు ఖాళీ వదలండి. కొద్ది రోజులకోసారి అటుదాన్ని ఇటు, ఇటుదాన్ని అటు మార్చండి. ట్రేలు, గుడ్డలు కూడా. నేల ఎవరిదో తేలకుండా చేయడమే ఇందులో కిటుకు. కొత్తిమీర, మునగాకు లాంటి ఇష్టమైనవి కంచెకు దగ్గరగా ఒకే వేళకు పెట్టండి.

మొదట్లో జాలీ మీదికి దూకుతాయి, గుర్రుమంటాయి. కొన్నాళ్లకు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తినడం, తరవాత కంచెకు అటూ ఇటూ ఒళ్లు చాపి పడుకోవడం చూస్తారు. ఒకటి పక్కకు దబ్బున వాలి పొట్ట చూపిస్తూ నిద్రపోయిందంటే దానికి అక్కడ భయం లేదని అర్థం. ఆ దశ వచ్చేదాకా ఆగండి. రెండు వారాలు పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు.

ఎదురెదురుగా

కలపాల్సింది ఏ కుందేలూ అంతకు ముందు తిరగని చోట. పడకగది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుందా, అది మంచిది. స్నానాలగది చిన్నదైనా పనికొస్తుంది, నేల ఆరబెట్టి దుప్పటి పరిస్తే. స్నేహితుల ఫ్లాట్ దొరికితే ఇంకా మేలు. ముందే గోళ్లు కత్తిరించండి. మీరు బూట్లు వేసుకోండి, ఒక చేతికి మందపాటి తొడుగు, ఇంకో చేతిలో చెత్త ఎత్తే చేట. ఇద్దరు మనుషులుంటే సుఖం.

ఉదయం, సాయంత్రం కుందేళ్లు చురుగ్గా ఉండే వేళలు. మొదటి కలయికకు అవి మత్తుగా ఉండే మధ్యాహ్నమే నయమని నా అభిప్రాయం. పది పదిహేను నిమిషాలు చాలు. గది మధ్యలో ఆకుకూరలు చల్లి రెండింటినీ దూరంగా వదలండి. కుందేలుకు ముక్కు ముందర కొంత భాగం కనబడదు, అందుకే ఎదురుగా దించితే ఉలిక్కిపడుతుంది. పక్కపక్కగా వదలండి.

కొట్టుకోబోతుంటే చేట మధ్యలో దించండి. గట్టిగా చప్పట్లు కొడితే ఒక్కోసారి ఆగుతాయి. చుట్టుకుపోతే తువ్వాలు మీద పడేసి విడదీయండి. ఒట్టి చేయి పెడితే వేలు తెగుతుంది, కుందేలు పళ్లు పెన్సిల్‌ను కత్తిరించగలవు.

సెషన్‌ను గొడవతో ముగించకండి. రెండూ ప్రశాంతంగా తింటున్నప్పుడే, "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనిపిస్తున్నప్పుడే ఆపేయండి. మర్నాడు ఇంకొంచెంసేపు. గంటల తరబడి పక్కపక్కనే ఉండి, ఒకదాన్నొకటి నాకడం మొదలయ్యాక ఒక శనివారం చూసుకుని, ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండగా రెండు రోజులు విడదీయకుండా ఉంచండి. రాత్రి విడిగా పడుకోబెట్టి పొద్దున కలిపితే పొద్దునే మళ్లీ పెద్దరికం పంచాయితీ మొదలవుతుంది.

కారులో పెట్టి తిప్పితే కలిసిపోతాయనే సలహా ఒకటి తిరుగుతుంటుంది. అవును, ఒకదానికొకటి అతుక్కుంటాయి, భయంతో. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మనుషులకే ప్రాణం పోతుంటే కుందేళ్లకు ఆ శిక్ష ఎందుకు? భయం దిగాక ఇంట్లో మళ్లీ అదే కథ.

మూడోది వస్తే

జతకు మూడో ఆడదాన్ని చేర్చడం రెండింటిని కలపడం కన్నా కష్టం. పాత జతలో ఉన్న సర్దుబాటు కూడా చెడొచ్చు. కొత్తదాన్ని ఒక్కొక్కదానితో విడిగా కలిపి చూసి, తర్వాత ముగ్గురినీ కొత్త చోట ఒకేసారి వదిలే పద్ధతి ఒకటి, మొదటి నుంచే మూడింటినీ కలిపి వదిలేది ఇంకొకటి. నేను రెండోదానికే మొగ్గుతాను. ఒక్కదాన్ని తీసుకెళ్లి కొత్తదాని వాసనతో వెనక్కి తెస్తే పాత తోడే దాని మీద పడుతుంది. మీకింకా ఎంచుకునే అవకాశం ఉంటే, మూడోదిగా ఆపరేషన్ అయిన మగదాన్ని తెచ్చుకోండి. ఆడా మగా జత కుదిరినంత సులువుగా ఆడా ఆడా కుదరదు. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా 4 నుంచి 6 వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది, ఆపరేషన్ కాని ఆడవాటి దగ్గరికి అంతవరకూ పోనివ్వకండి.

పిల్లల కోసం ఆడవాటిని గుంపుగా పెంచేవాళ్ల లెక్క వేరు. ఈనడానికి కొన్ని రోజుల ముందే విడిగా పెట్టి 27, 28 రోజులకు గూడు పెట్టె ఇవ్వాలి, పిల్లలు కొంచెం ఎదిగాకే మళ్లీ కలపాలి. యూరప్ ఫారాల్లో ఇలా కొన్నాళ్లు విడిగా, కొన్నాళ్లు కలిపి ఉంచే పద్ధతిని ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. తిరిగి కలిపిన తొలి రోజుల్లోనే కొట్లాటలూ గాయాలూ ఎక్కువని వాళ్లు పదే పదే గమనించారు. కలిపి వదిలేసి ఊరెళ్లే పని పెట్టుకోకండి.

కుదిరిన జత చెడకుండా

ఒకదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సొస్తే రెండోదాన్నీ తీసుకెళ్లండి. క్లినిక్ వాసనతో తిరిగొచ్చినదాన్ని ఇంట్లోది పరాయిదనుకుంటుంది. వేరే కుందేలును ముట్టుకుని వస్తే చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని మరీ వీటి దగ్గరికి వెళ్లండి. దీపావళి టపాకాయల రాత్రుల్లో కిటికీలు మూసి, ఫ్యాన్ చప్పుడు ఉండనిచ్చి, పెట్టెలు అదనంగా పెట్టండి.

ఏళ్ల తరబడి కలిసి ఉన్నవి ఉన్నట్టుండి కొట్టుకుంటే ముందు అనుమానించాల్సింది జబ్బును. పంటి నొప్పితోనో, కీళ్ల నొప్పితోనో ఉన్నది తాకితే చాలు కొరుకుతుంది. లేదా అది నీరసించిందని పసిగట్టి కిందిది పెద్దరికానికి వస్తుంది. రెండింటినీ పరీక్ష చేయించండి, కొరికినదాన్ని కూడా.

కాటు పడితే

బొచ్చు కింద గాయం కనబడదు. గొడవ తరవాత రెండింటి ఒళ్లూ వేళ్లతో పాయలు తీసి చూడండి, ముఖ్యంగా వీపు, తుంటి, చెవులు, జననాంగం. శుభ్రమైన సెలైన్‌తో కడగండి. స్పిరిట్, పసుపు, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్, ఏవీ వద్దు. నాకి మింగేస్తుంది. పంటి గాటు పైకి చిన్నగానే ఉండి లోపల చీము కడుతుంది, అదీ టూత్‌పేస్ట్‌లా గట్టిగా, పిండితే కారనంతగా. చాలాసార్లు కోసి తీయాల్సి వస్తుంది. వానాకాలంలో తెరిచి ఉన్న గాయం మీద ఈగ వాలితే ఒకట్రెండు రోజుల్లో పురుగులు పడతాయి.

మనుషుల మందుల డబ్బాలోంచి అమాక్సిసిలిన్ లాంటివి తీసి నోట్లో వేయకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణమే పోవచ్చు. కుందేళ్లు తెలిసిన డాక్టరే మందు రాయాలి.

గాయం లేకపోయినా, ఓడిపోయిన కుందేలు ఆ రాత్రి తింటోందో లేదో కనిపెట్టండి. 12 గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు ఆగిపోతే, అది పొద్దున దాకా ఆగే విషయం కాదు. బెదురుకే పేగులు ఆగిపోతాయి వీటికి.

కలవకపోతే

కొన్ని కలవవు. రెండింటికీ ఆపరేషన్ అయ్యి, నెలలు గడిచి, చోటు మార్చి చూసినా ఎదురుపడిన ప్రతిసారీ నెత్తురు కారుతుంటే ఆపేయండి. విడివిడిగా, మధ్యలో రెండు వరసల జాలీతో ఉంచండి. చూపూ వాసనా అందుతుంటాయి కాబట్టి పూర్తి ఒంటరితనం ఉండదు. తిరిగే హాలు ఒక్కటే అయితే వంతులు పెట్టండి: ఒకదానికి ఉదయం, ఇంకోదానికి సాయంత్రం, వారానికోసారి అటూ ఇటూ మార్పు. తలుపుకు గొళ్లెం కాస్త పైన బిగించండి. పనిమనిషి వచ్చే వేళా, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళా తలుపు మూసి ఉందో లేదో చూసే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించండి.